ఆరో బొమ్మకే కలెక్టర్ వచ్చేశారు

మధ్యాహ్నం మా అక్క కూతురు ఒక వెబ్‌కామిక్ పంపింది. "పిన్నీ, మన నెల్లూరు కథే, చదువు, ఏడుపొస్తుంది" అని కింద రాసింది. చదివాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఈ రాత్రి వేళ కూర్చుని రాస్తున్నాను. పేదవాళ్ల కష్టాలను రెండు బొమ్మల్లో తీర్చేసే కామిక్‌లంటే నాకు ఎంత మంటో చెప్పడానికి ఇంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

కథ చెబుతాను. హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి మైపాడు బీచి చూడటానికి వస్తుంది. దారిలో రొయ్యల గుంట గట్టు మీద యానాది అనే గిరిజన తెగకు చెందిన ఒక పాప కనిపిస్తుంది. చిరిగిన గౌను, పెద్ద పెద్ద కళ్లు, కళ్ల నిండా నీళ్లు. గుంట యజమాని ఆ పాపను "దొంగ" అని కొట్టబోతాడు. అమ్మాయి అడ్డుపడి ఫోనులో వీడియో తీస్తుంది. ఐదో బొమ్మలో ఆ వీడియోను దేశమంతా చూసేస్తుంది. ఆరో బొమ్మలో కలెక్టర్ కారు దిగుతారు. ఏడో బొమ్మలో యజమాని చేతులు జోడిస్తాడు. చివరి బొమ్మలో పాప కొత్త యూనిఫాం వేసుకుని హైదరాబాద్ అమ్మాయిని వాటేసుకుని నవ్వుతుంది. మొత్తం 10 బొమ్మలు. కింద వేలకొద్దీ గుండె గుర్తులు, "కళ్లు చెమర్చాయి" అని వ్యాఖ్యలు.

నేను కలెక్టరేట్ దగ్గర డీటీపీ సెంటర్ నడుపుతాను. సోమవారం వచ్చిందంటే తెల్లవారేసరికి నా అంగడి ముందు అర్జీలు రాయించుకునేవాళ్లు నిలబడి ఉంటారు. వాళ్లలో యానాదులూ ఉంటారు. కలెక్టర్ గారికి ఇచ్చిన అర్జీకి ఒక రసీదు వస్తుంది. ఆ అర్జీ "తగు చర్య నిమిత్తం" తహసీల్దారుకు పోతుంది. అక్కడి నుంచి కింది ఉద్యోగికి పోతుంది. ఆ కింది ఉద్యోగి విచారణకు వచ్చినప్పుడు ఎవరి ఇంట్లో కాఫీ తాగుతాడో ఊరందరికీ తెలుసు. మూడు నెలల తర్వాత అదే మనిషి, అదే రసీదును మడతల దగ్గర చిరిగిపోకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మళ్లీ నా దగ్గరికి వస్తాడు. నేను మళ్లీ టైపు చేస్తాను, "గతంలో తమరికి సమర్పించుకున్న అర్జీ" అని మొదలుపెట్టి. ఈ కామిక్ గీసినవాళ్లు ఐదో బొమ్మకూ ఆరో బొమ్మకూ మధ్య ఖాళీగా వదిలేసిన ఆ తెల్లటి సందు ఉందే, మా జిల్లాలో మనుషుల జీవితాలు గడిచిపోయేది ఆ సందులోనే.

గుంట గట్టు మీద అడ్వాన్సు అప్పుకు కట్టుబడి చేసే పని వెట్టిచాకిరీయే. దాన్ని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం వెట్టికి కారణమైన అప్పు రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవలసిన బాధ్యత కూడా అప్పిచ్చినవాడిదే. కాగితం మీద ఇంత చక్కటి చట్టం ఇంకొకటి ఉండదు. కానీ అధికారి వచ్చి విచారణ చేయాలి, విడుదల పత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేకపోతే చేతికి సాయం రాదు. పత్రం వచ్చినా పునరావాసం డబ్బులో పెద్ద భాగం కేసు తేలి శిక్ష పడేదాకా ఆగుతుంది. కేసు తేలేదాకా ఆ కుటుంబం ఏం తినాలి? మళ్లీ ఏ గుంట గట్టుకు పోయి అడ్వాన్సు అడగాలి? ఇది కథ కాదా? ఇంతకంటే ఉత్కంఠ ఎక్కడుంటుంది?

గుంటనైనా సరిగా గీశారా అంటే అదీ లేదు. రొయ్యల గుంటలో తామరపూలు వేశారు! ఉప్పు కలిసిన నీళ్లలో తామరలు! నీళ్లలో గాలి కలిపే చక్రాలు, ఏరియేటర్లు, లేవు, కరెంటు తీగ లేదు, జనరేటర్ లేదు. మైపాడు రోడ్డు మీద ఒక్కసారి బస్సులో వెళ్లినా ఆ చక్రాలు నీళ్లను చిమ్ముతూ కనిపిస్తాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలి చచ్చిపోతాయి. అందుకే గట్టు మీద గుడిసెలో కాపలా కుటుంబం ఉండేది. కరెంటు పోయిన క్షణంలో లేచి జనరేటర్ వేయాలి. ఒక్క రాత్రి ఆదమరిచి నిద్రపోతే ఆ నష్టం కాపలావాడి అప్పులో కలుస్తుంది. నేను టైపు చేసిన అర్జీల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో. తల్లి నిద్రపోతే పిల్ల మేలుకుని ఉంటుంది, పిల్ల నిద్రపోతే తల్లి. ఒక పిల్ల చీకట్లో కూర్చుని మోటారు చప్పుడు ఆగిపోతుందేమోనని చెవులు రిక్కించి వింటూ ఉంటుంది. ఆ ఒక్క బొమ్మ గీయండి చాలు, యజమాని చేతిలో కర్ర పెట్టనక్కర్లేదు.

"దొంగ" అనే మాటను కూడా ఊరికే వాడేశారు. దానికి హైదరాబాద్ అమ్మాయి ఇచ్చిన సమాధానం, "ఈ పాప మంచిది." మా జిల్లా యానాదులను బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల జాబితాలో పెట్టింది. ఆ చట్టం రద్దయింది 1952లో. పుట్టుకతోనే దొంగ అని ప్రభుత్వమే రాసిపెట్టిన మనుషులు వాళ్లు. ఇప్పటికీ ఊళ్లో ఎవరిదైనా మోటారు దొంగతనం జరిగితే పోలీసులు ముందు ఎవరి గుడిసెకు వెళతారో మనకు తెలియదా? నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ యానాదుల కోసమే జీవితమంతా తిరిగారు, వాళ్ల గురించి పుస్తకాలు రాశారు, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. చదువుకోవాలన్న కోరిక ఉండాలే కానీ సమాచారానికి కరువు లేదు.

అన్నిటికంటే నా కడుపు రగిలించింది వేరే ఉంది. మొదటి బొమ్మనూ చివరి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి బొమ్మలో పాప చామనఛాయకు రెండు పాళ్లు ముదురు. చివరి బొమ్మలో యూనిఫాం వేసుకున్న పాప తెల్లగా ఉంది. చెంపల మీద గులాబీ రంగు కూడా వేశారు. న్యాయం జరిగితే రంగు మారుతుందా? హైదరాబాద్ అమ్మాయి రంగు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. పాపకు పేరు లేదు. 10 బొమ్మల్లో ఒక్క మాట మాట్లాడలేదు. మా నెల్లూరు యాస మాట్లాడిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ కర్ర పట్టుకున్న యజమాని.

గీసినవాళ్లకు మర్యాదగానే రాశాను. తామరపూల సంగతి, విడుదల పత్రం సంగతి, రంగు సంగతి వివరంగా రాశాను. జవాబు వచ్చింది: "మా ఉద్దేశం మంచిదే కదండీ. కామిక్‌లో ఇంత లాజిక్ వెతికితే ఎలా?"

లాజిక్ లేని కథలంటే నాకు పడదనుకున్నారు కాబోలు. నేను రాత్రుళ్లు కొరియా వెబ్‌టూన్లు చదివే మనిషిని. వేలితో కిందికి జరుపుకుంటూ పోతే తెల్లవారిపోతుంది. చచ్చిపోయినవాడు పదేళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ బతుకుతాడు, నమ్ముతాను. ఆకాశంలో తలుపు తెరుచుకుని రాక్షసులు దిగుతారు, నమ్ముతాను. ఎందుకంటే ఆ లోకం తాను పెట్టుకున్న నియమాన్ని తాను పాటిస్తుంది. కథానాయకుడు ఒక శక్తి వాడితే ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. గెలవడానికి ముందు ఎన్నో ఎపిసోడ్లు ఓడిపోతాడు. మంత్రానికి వెల కట్టే ఓపిక ఉన్నవాళ్లకు న్యాయానికి వెల కట్టే ఓపిక మాత్రం లేదు. పేదవాడి కథ వచ్చేసరికి అంతా ఉచితం. అప్పు తీరకుండానే చిట్టా చించేసినట్టు కథ ముగించేస్తారు. "ఇన్‌స్టాగ్రామ్‌లో 10 బొమ్మలే పెట్టనిస్తారు, ఏం చేస్తాం" అనేవారు ఒకప్పుడు. 2024 నుంచి 20 పెట్టుకోవచ్చు. ఆ మిగతా పదిలో ఏం గీశారు? తమ చొక్కాల అమ్మకం ప్రకటన గీశారు.

ఇదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. పోయిన ఏడాది కులం మీద ఒక కామిక్ వచ్చింది, గుర్తుందా? మంచినీళ్ల బావి దగ్గర గొడవ, రెండు వైపులా జనం కర్రలు పట్టుకుని నిలబడతారు. అంతలో వాన కురుస్తుంది. అందరూ తడుస్తారు. తడిసి ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుతారు. కథ అయిపోయింది, కులం కొట్టుకుపోయింది. దాన్ని మా బంధువుల గ్రూపులో ఎంతమంది పంచుకున్నారో! పంచుకున్నవాళ్ల ఇళ్లలో ఇంటి పని చేసే మనిషికి గ్లాసు వేరే ఉంటుంది.

కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లా అయింది కానీ అప్పుడు మన ప్రకాశం జిల్లానే. అక్కడ కూడా నీళ్ల దగ్గరే మొదలైంది. తాగే నీళ్లను మురికి చేయవద్దని మాదిగపల్లె వాళ్లు అడ్డు చెప్పారు. 1985 జూలై 17న ఊరి పెత్తందార్లు పల్లె మీద పడి మనుషులను వెంటాడి చంపారు. బతికినవాళ్లు చీరాలకు పారిపోయారు, మళ్లీ ఆ ఊళ్లో బతకలేక చీరాలలోనే ఉండిపోయారు. అది జూలై నెల. వానాకాలమే. వాన అక్కడ ఎవరినీ కలపలేదు. ఆ తర్వాత దళిత మహాసభ పుట్టింది, 1989లో ఎస్సీ, ఎస్టీలపై దౌర్జన్యాలను ఆపడానికి అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎంతమంది తిరిగితే, ఎంతమంది జైళ్లకూ కోర్టులకూ నడిస్తే వచ్చింది! ఆ నడక అంతటినీ ఒక వాన బొమ్మతో కడిగేస్తే కళ్లు చెమర్చాలా మాకు?

బొమ్మలతో కులం గురించి చెప్పలేమా అంటే, చెప్పినవాళ్లున్నారు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు అంబేడ్కర్ జీవితాన్ని 'భీమాయన' అని 2011లో బొమ్మల పుస్తకంగా తెచ్చారు. అందులో మామూలు కామిక్ గళ్లు ఉండవు. కుట్టే మాటలు మాట్లాడేవాళ్ల మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది, మెత్తటి మాటల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. నిజం మనుషులు అలా మాట్లాడరు, నిజం మాటలకు కొండి ఉండదు. అయినా ప్రతి బొమ్మా నమ్ముతాం. దాహం వేసిన పిల్లవాడికి నీళ్లు ఇవ్వని చోట వాళ్లు వాన కురిపించలేదు. నేను అడుగుతున్న లాజిక్ అదే.

ఇక మా అమ్మ సంగతి. ఇది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

మాది కలిగిరి వైపు పల్లె. సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దగ్గరే. ప్రతి మార్చి 8కీ ఎవరో ఒకరు ఆ ఉద్యమం మీద కామిక్ వేస్తారు. ప్రతిసారీ అదే బొమ్మ: కొంగు బిగించిన ఒక లావుపాటి ఆవిడ, చేతిలో చీపురు, ముందు పరుగెత్తే బక్క మొగుడు. తర్వాతి బొమ్మలో ముఖ్యమంత్రి సంతకం. నవ్వుకోవడానికి గీసిన బొమ్మ అది. మా అమ్మను చూసి నవ్వుతున్నారు వీళ్లు.

చీపురు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది పలక. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడి పెట్టారు. వాచకంలో సీతమ్మ కథ అని పాఠం ఉంది, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించిన కథ. మా అమ్మ లాంతరు దగ్గర ఆ పాఠం కూడబలుక్కుని చదివింది. చదివి, మా నాన్న రోజుకు తాగే ప్యాకెట్ల డబ్బులు నెలకు ఎంతవుతాయో అదే పలక మీద కూడింది. ఆ మొత్తం చూసి బడిలో ఎవరూ మాట్లాడలేదట. తర్వాత పక్కామె తన మొగుడి లెక్క వేసింది. ఆ తర్వాత ఇంకొకామె. ఆ పలక గీసిన కామిక్ ఒక్కటి చూపించండి నాకు.

పైగా ఆ బొమ్మల్లో దుర్మార్గుడు ఎప్పుడూ మీసాల కాంట్రాక్టరే. "వారుణి వాహిని" అని పేరు పెట్టి సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది ప్రభుత్వం. సారా వేలం పాటల ఆదాయం తిన్నది ప్రభుత్వం. 1992లో నెల్లూరులో ఆ వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చుంటే మళ్లీ మళ్లీ వాయిదా వేసుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో మా అమ్మ ఉదయం పొలం పనికి పోయి కూలి పోగొట్టుకోకుండా సాయంత్రం వచ్చి కూర్చునేది. రాత్రి ఇంటికి వస్తే మా నాన్న చేతిలో దెబ్బలు. ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. ఆ చేయి ఏ బొమ్మలోనూ లేదు. బొమ్మలో మొగుడు భయపడి పారిపోతాడు కదా, ఇక కొట్టేది ఎవరు?

1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ ఎత్తేసిన ఏడాది బొమ్మ ఎవరూ గీయరు. గీస్తే కళ్లు చెమర్చవు, గుండె గుర్తులు పడవు. కానీ మా అమ్మ మాట్లాడితే ఎప్పుడూ ఆ 1997 దగ్గరే ఆగుతుంది. "మమ్మల్ని అడిగి ఎత్తేశారా?" అంటుంది. దాదాపు ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. ఆమెకు సంతకం పెట్టడం వచ్చు, లెక్క వేయడం వచ్చు. ఆ ప్రశ్న ఎవరికి రాసి పంపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రొయ్యల గుంట కామిక్‌కు రెండో భాగం వస్తుందట. గీసేవాళ్లు ఇది చదువుతుంటే వినండి: నెల్లూరు రండి. సోమవారం నా అంగడిలో ఒక మూల కుర్చీ వేస్తాను, అర్జీలు చెప్పేవాళ్ల మాటలు వినండి, వాళ్లు ఒప్పుకుంటేనే రాసుకోండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు గుంటల వైపు వెళ్లే ఆటో మాట్లాడిపెడతాను. ఫోను బయటికి తీయకండి. గట్టు మీద పిల్ల కనిపిస్తే ముందు పేరు అడగండి.