పిల్లలు పెరగకుండా స్టే ఇప్పించండి

ఫ్యామిలీ కోర్టుల మీద ఎవరైనా నోరు పారేసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. భార్యాభర్తలు విడిపోయాక పిల్లవాణ్ణి ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు చూడాలో తేల్చడానికి మన దగ్గర ఏం తక్కువని? చట్టాలున్నాయి, పిటిషన్లున్నాయి, వాటికి జవాబుగా కౌంటర్లున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, వాయిదాలకైతే కొదవే లేదు. అందరూ పద్ధతిగానే ఉన్నారు. పద్ధతి తప్పుతున్నది పిల్లలొక్కరే. కేసు పెండింగులో ఉందని తెలిసి కూడా, ఎవరి అనుమతీ అడక్కుండా, హాయిగా పెరిగిపోతున్నారు.

ఈ సంగతి నాకు మా బాబాయి కొడుకు వల్ల తెలిసింది. వాడికి కోర్టు విజిటేషన్, అంటే కొడుకును చూసుకునే వేళలు, ఇచ్చింది. నెలలో మొదటి, మూడో శనివారాలు, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో. అంటే నెలకు 4 గంటలు నాన్న. మా వీధికి మంచినీళ్లు ఇంతకన్నా ఎక్కువసేపే వస్తాయి కానీ, నీళ్లకూ నాన్నకూ పోలికేమిటి లెండి. తోడుగా నేనూ వెళ్తుంటాను. ఆ గదిలో చెవి విరిగిన ప్లాస్టిక్ గుర్రం, మూత పోయిన రంగు పెన్సిళ్ల డబ్బా, గోడకు వర్ణమాల చార్టు ఉన్నాయి. చార్టులో 'అ' దగ్గర అమ్మ ఉంది. 'న' దగ్గర నక్క ఉంది. మావాడు దాన్ని చాలాసేపు చూసి, "అన్నయ్యా, దీని మీద మెమో వేయొచ్చా?" అన్నాడు. లాయరుగారిని అడిగితే, వేయొచ్చు, ఫీజు వేరే అన్నారు.

మొదటి పావుగంట రిజిస్టరులో సంతకాలకు పోతుంది. తర్వాతి పావుగంట పిల్లవాడు ముడుచుకుని కూర్చుంటాడు. పదకొండింటికి "నాన్నా" అంటాడు. పన్నెండుంపావుకు అటెండరు గడియారం చూస్తాడు, పిల్లవాడు అటెండరును చూస్తాడు.

దసరా ముందు మావాడు కొడుక్కి 11వ నంబరు బూట్లు కొన్నాడు. అడుగు వేస్తే మడమ దగ్గర ఎర్ర లైటు వెలిగే రకం. ఆ శనివారం దసరా సెలవుల్లో కలిసిపోయింది. తర్వాతి శనివారం పిల్లవాడికి జ్వరం, వాట్సాప్‌లో డాక్టరు సర్టిఫికెట్. ఆ తర్వాత మేనమామ పెళ్లి. పోయిన శనివారాలకు బదులు శనివారాలు ఇప్పించమని ఐ.ఏ., అంటే మధ్యంతర దరఖాస్తు, వేస్తే, కౌంటరుకు రెండు వాయిదాలు, జడ్జిగారు బదిలీ అయితే ఇన్‌చార్జిగారి దగ్గర ఇంకో మూడు. ఉగాది నాటికి పెట్టె తెరిచేసరికి కాలు 12 దాటేసింది. ఆరేళ్లవాడు వేళ్లు లోపలికి ముడిచి, నాలుగడుగులు వేసి లైటు వెలిగించి, "సరిపోయాయి పెదనాన్నా" అన్నాడు నాతో. ఈ వయసుకే తప్పుడు సాక్ష్యం! అన్నట్టు, పిల్లల బూట్ల నంబర్లు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయని కొట్టువాడు చెప్పాడు. జడ్జిగారు మారినప్పుడల్లా మా కేసూ అంతే.

పెరగకుండా ఉండటం ఎలాగో పిల్లలు చట్టాన్ని చూసి నేర్చుకోవాలి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890లో, విక్టోరియా రాణి ఏలుబడిలో పుట్టింది. ఇప్పటికీ దాదాపు అదే సైజు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టమేమో పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అంది. 'తర్వాత' అంటే ఆయన పోయాకే అని కాదు, బిడ్డను పట్టించుకోనప్పుడు, అందుబాటులో లేనప్పుడు కూడా అని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో చెప్పింది. ఒక్క మాటకు అర్థం తేలడానికి 43 ఏళ్లు పట్టిన చోట, నాలుగు వాయిదాలకే మావాడు గడ్డం పెంచుకుంటే ఎలా?

అదే చట్టం, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. మావాడు పిటిషన్ వేసినప్పుడు పిల్లవాడికి మూడున్నర. అవతలి లాయరు కౌంటరంతా ఆ ఐదేళ్ల చుట్టూ అల్లారు. వాదనలకు వచ్చేసరికి ఐదు దాటింది. అంత కష్టపడి రాసిన కౌంటరు ఒక్క పుట్టినరోజుతో పాడైపోయింది. పైగా కేకు కూడా కోశారట.

హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, కేసు నడుస్తుండగా పిల్లల పోషణకు, చదువుకు వేసిన దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో 'వీలైనంతవరకు' తేల్చాలి. వీలైనంతవరకు అన్న మాట విన్న ఏ గుమాస్తాకైనా నిద్ర బాగా పడుతుంది. బిడ్డను చూడటానికి మాత్రం ఆ 60 రోజుల గడువు వర్తించదు. సబబే. అన్నం అయితే చల్లారిపోతుంది, నాన్న మొహం ఎక్కడికి పోతుంది?

2015లో లా కమిషన్ కూడా 257వ నివేదిక ఇచ్చింది. అమ్మానాన్నలిద్దరూ పంచుకునే ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వమంది. ఆ రోజు ఎనిమిదేళ్లున్న పిల్ల ఈపాటికి ఓటరు. నివేదిక ఇంకా చిన్నపిల్లే.

ఇక వేసవి సెలవులు. ఏప్రిల్‌లో మావాడు, పిల్లవాణ్ణి పది రోజులు నాయనమ్మ ఊరికి పంపమని పిటిషన్ వేశాడు. కౌంటరుకు టైమడిగారు. మే వచ్చింది, పిల్లవాడితోపాటు కోర్టుకూ వేసవి సెలవులు వచ్చాయి. వెకేషన్ కోర్టు ఉంది కదా అంటారు. అది అర్జెంటు కేసులకు. నాయనమ్మ కోసిపెట్టే రసాలు పిల్లవాడు బనియన్ మీద కార్చుకుంటూ తినడం అర్జెంటని ఏ సెక్షన్ కింద నిరూపిస్తాం? జూన్ రెండో వారంలో కోర్టులో పిలుపు వచ్చేసరికి బడి తెరిచారు, మామిడిపళ్లు అయిపోయాయి, పిటిషన్ నిష్ప్రయోజనమని కొట్టేశారు. కోర్టుకు సెలవులు ఉండకూడదని నేననను. మామిడిచెట్లే కాస్త ఆగి కాయాలి.

ఇది చదివి తండ్రులందరి మీదా జాలిపడనక్కర్లేదు. అదే గదిలో ఒక తల్లి నాలుగేళ్ల పాపతో వస్తుంది. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, పదిన్నరకల్లా బెంచీ మీద ఉంటారు. పాపకు ఆకుపచ్చ పట్టులంగా, జడలో కనకాంబరాలు. ఆ తండ్రి రాడు. పన్నెండున్నరకు 'తండ్రి హాజరు కాలేదు' అని రాయించుకుని వెళ్లిపోతారు. బిడ్డను తీసుకురాకపోతే తల్లి మీద ధిక్కారం పిటిషన్ పడుతుంది. తండ్రి రాకపోతే మాత్రం ఆయన తన హక్కు వాడుకోలేదు, అంతే. లైబ్రరీ కార్డు లాంటిదన్నమాట. మొన్న చూస్తే పాప అదే లంగాలో వచ్చింది. అంచు దగ్గర లోపలి మడత విప్పి కిందికి దించిన చోట, పాత కుట్టు గీత ఇంకా కనిపిస్తోంది.

అమెరికా కేసులకు ఇంకో సౌకర్యం ఉంది. పక్కన ఉండి చూడలేని అమ్మకో నాన్నకో వీడియో కాల్ మంచి మార్గమని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు తెలిసినాయన డాలస్‌లో ఉంటాడు, కూతురు గుంటూరులో. ఉత్తర్వు ప్రకారం ఆదివారం ఉదయం 8 గంటలకు కాల్. ఆయనకు అది శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో అమెరికావాళ్లు అలవాటు ప్రకారం గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆయనా అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకే చేశాడు. ఇక్కడ 9 అయింది, టైము దాటిందని ఫోనెత్తలేదు. ఇప్పుడు రెండువైపులా పిటిషన్లు నడుస్తున్నాయి. అమెరికాను పార్టీగా చేర్చాలా వద్దా అన్నది తేలలేదు. పిల్లల్ని దేశాలు దాటించే కేసులకని 1980లో హేగ్‌లో ఒప్పందం ఒకటి రాసుకున్నారు గానీ, భారత్ దాని మీద సంతకం పెట్టలేదు. మనకు ఇక్కడి సంతకాలకే టైము చాలడం లేదు.

అందుకే నా ప్రతిపాదన. గోడ కట్టకుండా స్టే ఇస్తారు, గోడ కూల్చకుండా స్టే ఇస్తారు. పిల్లల మీద యథాతథ స్థితి ఎందుకు ఇవ్వకూడదు? అసలు పిటిషన్ తేలేదాకా సదరు మైనరు మూడడుగుల ఎనిమిది అంగుళాలు దాటరాదు. బూట్లు 11కు మించరాదు. పాలపళ్లు ఊడరాదు, ఊడితే కోర్టులో డిపాజిట్ చేయాలి. 'రైలు'ను 'లైలు' అనడం మానరాదు. తండ్రి లేని చోట సైకిల్ తొక్కడం నేర్చుకోరాదు.

లాయరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు. "గ్రౌండ్స్ బాగున్నాయి సార్. కానీ నోటీసు అందాలి కదా" అన్నారు.

నా భయమూ అదే. కోర్టు నోటీసులు అందించే అమీనా దీన్ని పట్టుకుని వెళ్తాడు. పై పళ్లు రెండు లేని ఓ కుర్రాడు సైకిల్ దిగి వస్తాడు, నోటీసు అందుకుని 'ర'లన్నీ స్పష్టంగా పలుకుతూ తనే పైకి చదివేస్తాడు. అమీనా ఆ కుర్రాణ్ణి, కాగితాన్ని మార్చి మార్చి చూసి, వెనక రాసి తిరిగి తెచ్చేస్తాడు: "ఇందులో చెప్పిన పిల్లవాడు ఈ చిరునామాలో లేడు."