కాంగ్రెస్ రేడియో నడిపింది ఒక్కరు కాదు, అది దొరక్కుండానూ పోలేదు

ఏటా ఆగస్టులో వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంటుంది: “1942లో 22 ఏళ్ల ఉషా మెహతా ఒంటరిగా రేడియో తయారుచేసి, బ్రిటిష్ వాళ్లకు చిక్కకుండా దేశమంతటికీ వార్తలు వినిపించింది.” ఆ రేడియో, క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయి నుంచి రహస్యంగా నడిచిన కాంగ్రెస్ రేడియో. సందేశంలో ఏడాదీ వయసూ సరైనవే, మిగతాది కాదు. ఈ పొగడ్తలో ఆమె తోటివాళ్లూ, ఆమె అనుభవించిన జైలూ మాయమైపోతున్నాయి.

“ఒంటరిగా”: బాబూభాయ్ ఖాకర్, చంద్రకాంత్ ఝవేరి, విఠల్‌దాస్ ఝవేరి ఆమెతో ఉన్నారు. ట్రాన్స్‌మిటర్ బిగించింది నరిమన్ ప్రింటర్ అనే సాంకేతిక నిపుణుడు. సామగ్రి ఇచ్చింది షికాగో రేడియో అనే కంపెనీకి చెందిన నానక్ మోత్వానీ. వెనక సోషలిస్టు నేత రామమనోహర్ లోహియా ఉన్నారు.

“దేశమంతటికీ”: ఇదీ అతిశయోక్తే. షార్ట్‌వేవ్‌లో నేల వెంట పోయే తరంగం కొద్ది దూరానికే సన్నగిల్లుతుంది. పైకి పోయింది అయనోస్ఫియర్‌లో (ఎత్తున ఉండే విద్యుదావేశ వాయుపొరలో) వంగి ఎక్కడో దూరాన దిగుతుంది. ఆ మధ్యలో ఉన్న ఊళ్లకు ఒక్కోసారి ఏమీ వినపడదు. అయినా పత్రికలు సెన్సార్‌లో ఉన్న ఆ రోజుల్లో చిట్టగాంగ్‌పై బాంబులు, జంషెడ్‌పూర్ సమ్మె, నేటి మహారాష్ట్రలోని అష్టి, చిమూర్ ఊళ్లలో జరిగిన అకృత్యాలు ఈ రేడియోలో వచ్చాయి. అది చిన్న విషయం కాదు.

“చిక్కకుండా”: అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. ప్రసారం 42.34 మీటర్లపై, అంటే దాదాపు 7.08 మెగాహెర్ట్జ్. దానికి అర్ధతరంగ ఏరియల్ (తరంగం పొడవులో దాదాపు సగం ఉండేది) కట్టాలంటే సుమారు 20 మీటర్ల తీగ కావాలి. మేడల మధ్య దాన్ని దాచడం ఎంత కష్టమో ఊహించండి. ఇల్లు మారినప్పుడల్లా తీగ విప్పి, మళ్లీ కట్టి, ట్యూన్ చేయాలి. ట్యూనింగ్ కుదరకపోతే ట్రాన్స్‌మిటర్‌లో సిగ్నల్‌ను ఏరియల్‌కు పంపే చివరి వాల్వు వేడెక్కుతుంది, శక్తి గాల్లోకి పోదు. మారకుండా ఉందామా అంటే పోలీసుల దిశాశోధక యంత్రం ఉంది: తీగను చుట్టగా చుట్టిన ఏరియల్‌ను తిప్పుతూ పోతే సిగ్నల్ సన్నగిల్లే దిశను బట్టి మ్యాప్‌పై ఒక గీత, ఇంకోచోట నుంచి మరో గీత. రెండూ కలిసిన చోటే స్టేషన్. గాలిలో ఉన్న ప్రతి నిమిషమూ వాళ్లకు లాభమే. అందుకే చౌపాటి, లాబర్నమ్ రోడ్డు, శాండ్‌హర్స్ట్ రోడ్డు, వాల్కేశ్వర్, గిర్‌గావ్ అంటూ మారుతూ వచ్చారు. రికార్డు చేసే చోటు వేరు, ప్రసారం చేసే చోటు వేరు చేశారు.

చివరికి పట్టించింది యంత్రం కాదు, పోలీసులకు చిక్కిన నరిమన్ ప్రింటరే. ఆగస్టు 27న మొదలైన ప్రసారాలు నవంబరు 12న ఆగాయి. ఆ రోజు బాబూభాయ్ కార్యాలయంలో సోదా జరుగుతోందని కళ్లారా చూసి కూడా ఉష ఆ సాయంత్రం ప్రసారానికి వెళ్లారు. ప్రసారం జరుగుతుండగానే పోలీసులు లోపలికి వచ్చారు. ఆమెకు నాలుగేళ్ల శిక్ష పడింది. బయటికొచ్చింది 1946లో.