నీటి నిబంధనలు: మినహాయింపు కలం ఎవరి చేతిలో?

నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్ వదిలిన మురుగు అక్కడి నుంచి పులిచింతలకు, ఆపై ప్రకాశం బ్యారేజీకి, డెల్టా కాలువలకు చేరుతుంది. హైదరాబాద్‌లో ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేది తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి. ఆ నీళ్లు పొలానికి పెట్టుకునే ఆంధ్ర రైతు మాట అక్కడ చెల్లదు. నిబంధనలు కేంద్రం పెట్టాలా, రాష్ట్రం పెట్టాలా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా నాకు వాడపల్లే గుర్తొస్తుంది.

రాజ్యాంగంలో నీరు రాష్ట్ర జాబితాలోది. అందుకే 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టాన్ని పార్లమెంటు తనంతట తాను చేయలేదు. కొన్ని రాష్ట్రాలు కోరితే 252వ అధికరణ కింద చేసింది. మిగతావి తరువాత తీర్మానాలు చేసుకుని చేరాయి. భోపాల్ విషాదం తరువాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టానికి రాష్ట్రాల కోరికతో పని లేకపోయింది. అయినా దాని కింది నిబంధనల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. కేంద్రం ప్రమాణం పెడుతుంది. నీళ్లు చేరే నది లేదా చెరువు పరిస్థితిని బట్టి రాష్ట్ర మండలి దాన్ని ఇంకా కఠినం చేయవచ్చు. కింది గీత ఢిల్లీది, దానికి పైన ఎంత గట్టిగా ఉండాలన్నది రాష్ట్రం ఇష్టం. ఈ పద్ధతి సరైనదే. మనల్ని ముంచుతున్నది ప్రమాణాలు కాదు, వాటికి ఇచ్చే మినహాయింపులు.

హైదరాబాద్‌కు తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల కథే చూడండి. 1996 మార్చి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు వద్దంది. ఏడాది తిరిగిందో లేదో, ఆ పరిధిలోని పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ కోసం అదే ప్రభుత్వం మినహాయింపు రాసింది. కాలుష్య నియంత్రణ మండలి మాత్రం అనుమతి ఇవ్వనంది. అప్పీలు అధికారి, ఆ తరువాత హైకోర్టు కంపెనీ వైపు మొగ్గినా మండలి వెనక్కి తగ్గక సుప్రీంకోర్టుకు వెళ్లింది. తాగునీటికి ముప్పు తెచ్చే మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదని 2000 డిసెంబరులో కోర్టు తేల్చింది. జస్టిస్ ఎం.జగన్నాధరావు రాసిన ఆ తీర్పును పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో తెలంగాణ ప్రభుత్వం 84 గ్రామాల్లో ఆ ఆంక్షలనే ఎత్తేసింది. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, సడలించే అలవాటు మాత్రం పోలేదు.

రాష్ట్రాలను నమ్మలేం కాబట్టి అన్నీ ఢిల్లీకి అప్పగిద్దామా? అక్కడి చరిత్ర కూడా ఏమంత గొప్పది కాదు. మురుగు శుద్ధి కేంద్రాల నుంచి వదిలే నీటిలో బీవోడీ (సేంద్రియ మురుగు ఎంత ఉందో చెప్పే కొలత) లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని 2015 ముసాయిదాలో రాసిన కేంద్రమే, 2017 తుది నోటిఫికేషన్‌లో మహానగరాలకు 20, మిగతా చోట్ల 30 అని మార్చింది. పెద్ద నగరాలకే కాదు, దేశమంతటా 10 పెట్టాల్సిందేనని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పాల్సి వచ్చింది.

2024 ఫిబ్రవరిలో నీటి చట్టానికి వచ్చిన సవరణ అందుకే నాకు ఆందోళన కలిగిస్తోంది. దాన్ని స్వీకరించిన రాష్ట్రాల్లో కొన్ని రకాల పరిశ్రమలకు మండలి అనుమతే అక్కర్లేదని చెప్పే అధికారం కేంద్రానికి దక్కింది. రాష్ట్ర మండలి అధ్యక్షుణ్ని ఎలా నియమించాలో కూడా ఇక కేంద్రమే నిర్ణయిస్తుంది. కాలుష్యాన్ని నదిలోకి వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా ఉన్న జైలు శిక్ష పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా మిగిలింది. పెద్ద మందుల కంపెనీకి 15 లక్షలు ఒక లెక్కా?

తొలి మినహాయింపుల్లో కాలుష్యం దాదాపు లేని ‘వైట్’ కేటగిరీ పరిశ్రమలు ఉన్నాయి. వాటిపై నాకు అభ్యంతరం లేదు. కానీ రేపు ఆ జాబితా పెరిగితే, పెద్దషాపూర్ దగ్గర నిలబడినట్టు ఒక రాష్ట్ర మండలి అడ్డు నిలవాలంటే దాని చేతిలో ఏముంటుంది? ఆనాడు మండలికి కనీసం కాదనడానికి ఒక దరఖాస్తు ఉంది. అనుమతే అక్కర్లేని చోట ఆ దరఖాస్తు కూడా రాదు.

కేంద్రం గానీ రాష్ట్రం గానీ, నీటి ప్రమాణాన్ని సడలించే ప్రతి ఉత్తర్వునూ ముందు ముసాయిదాగా బయటపెట్టాలి. నది దిగువన ఉన్న రాష్ట్ర మండలి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. మూసీ విషయంలో అంటే, హైదరాబాద్‌లో సంతకం పడేముందు ఆ కాగితం ఒకసారి విజయవాడకు వెళ్లి రావాలి.