చెయ్యి తిమ్మిరెక్కితే ఫోన్ ఒక్కటేనా కారణం?

ఇప్పుడే అక్కని డాక్టరుకి చూపించి ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. స్కాన్ రిపోర్టు చేతిలో పెడితే ఆయన కవరు కూడా తెరవలేదు. "ఫోన్ తగ్గించమ్మా, రాత్రిపూట మరీ చూడకు" అని విటమిన్ బిళ్ళలు రాసి పంపించేశాడు.

అక్క బ్లౌజులు కుడుతుంది. కత్తెర పట్టేది కుడిచేత్తో, ఫోన్ పట్టేదీ కుడిచేత్తోనే. తిమ్మిరి మాత్రం ఎడమ చేతికి! బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సగం. చిటికెనవేలికి ఏమీ లేదు, దాని నరం వేరే దారిలో పోతుంది కాబట్టి. అర్ధరాత్రి లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటుంది. ఏ వేళ్ళు మొద్దుబారుతున్నాయని ఒక్క మాట అడిగినా మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టనల్ జబ్బేమో అనే అనుమానం రావాలి కదా!

ఆ కవర్లో ఏముందో నేను చెప్తాను: అక్క మణికట్టులో ఒక అదనపు రక్తనాళం. కడుపులో బిడ్డ చెయ్యి తయారయ్యేటప్పుడు దానికి రక్తం అందించేది ముంజేతి మధ్యలో ఉండే మీడియన్ ఆర్టరీ అనే ధమని. ఎనిమిదో వారానికల్లా అటూ ఇటూ ఉన్న రెండు ధమనులు ఆ పని అందుకుంటాయి, ఇది మామూలుగా కుంచించుకుపోతుంది. కొందరికి పోదు. ఆ మూడున్నర వేళ్ళకి స్పర్శనిచ్చే మీడియన్ నరాన్ని అంటిపెట్టుకుని మణికట్టు దాకా వచ్చేస్తుంది. అక్కడ ఉన్నదే ఇరుకు సందు. కింద ఎముకలు, పైన గట్టి లిగమెంటు, మధ్యలో వేళ్ళని ముడిచే తాళ్ళలాంటి టెండన్లు తొమ్మిది, ఈ నరం ఒకటి. అందులోకి కొట్టుకునే రక్తనాళం కూడా దూరితే ఆ నరం ఏం కావాలి? చాలామందికి అది ఉన్నా ఏ ఇబ్బందీ రాదు, నిజమే. కానీ అది లావుగా ఉంటే నరం నలుగుతుంది. అందులో రక్తం గడ్డకడితే నొప్పి ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఆపరేషన్ చేసేవాళ్ళకి కూడా ఈ సంగతి ముందే తెలియాలి, పొరపాటున కోసేస్తే రక్తస్రావం.

ఇది కోటికొకరికి వచ్చే వింతా కాదు. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చిన లెక్క ప్రకారం 1880ల్లో పుట్టినవాళ్ళలో ఇది దాదాపు 10 శాతం మందికి ఉంటే, 20వ శతాబ్దం చివర్లో పుట్టినవాళ్ళలో 30 శాతానికి చేరింది. రక్తం పారడాన్ని చూపించే కలర్ డాప్లర్ స్కాన్ పెడితే కనిపిస్తుంది. మాకు కనిపించింది. చూసేవాళ్ళే లేరు.

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. అమ్మకీ ఇంతే జరిగింది. చేతిలోంచి పప్పుగిన్నె జారిపోతే నాయనమ్మ "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అనేది. డాక్టర్లేమో నీరసం అన్నారు, వయసన్నారు, ఒకాయన గ్యాస్ అని కూడా అన్నాడు. అప్పుడు మా ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా లేదు, ఫోన్ మీదికి నెట్టడానికి! థైరాయిడ్ తక్కువైనా ఈ నరం నొక్కుకుపోతుందని ఎవరూ చెప్పలేదు. ఆ టెస్టు రాసేసరికి బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి గుంట పడిపోయింది. ఇప్పటికీ జాకెట్టు హుక్కు నేనే పెట్టాలి. మగవాళ్ళు నొప్పి అంటే ఎమ్మారై, ఆడవాళ్ళు అంటే బీకాంప్లెక్సు!

మీ ఇంట్లో అమ్మకో అత్తయ్యకో చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే బామ్ రాసి ఊరుకోకండి. షుగర్, థైరాయిడ్ చూపించండి, మణికట్టుకి స్కాన్ అవసరమా అని నోరు తెరిచి అడగండి. గుంటూరు, విజయవాడ వైపు చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు, రిపోర్టు తెరిచి చదివే డాక్టరు ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి. రేపే తీసుకెళ్తాను.