కరెంటు సంగతి వదిలేశారు

ఇంటి నుంచి పని చేయడానికి ఏమేం కావాలో చెప్పిన మీ వ్యాసంలో రెండో మానిటర్, ఎత్తు మార్చుకునే టేబుల్, ఖరీదైన కుర్చీ, రంగుల లైట్లు అన్నీ రాశారు, బాగుంది. కరెంటు ఊసే లేదు! ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరే, కరెంటు పోగానే కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి, మీటింగ్ మధ్యలో కాల్ కట్. ముందు ఇన్వర్టర్ మీద స్విచ్ చూడండి. చాలా మోడళ్లలో యూపీఎస్ మోడ్ ఉంటుంది. అందులో పెడితే బ్యాటరీకి మారే సమయం బాగా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. ఇన్వర్టర్ లేనివాళ్లు రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) పెట్టుకోవచ్చు. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ తీగ వచ్చి చేరేది) రౌటర్‌కి విడిగా ఉందేమో చూడాలి, దానికీ బ్యాకప్ ఉండాల్సిందే. తర్వాత వైఫై బదులు ల్యాన్ కేబుల్. ఇక ఆ రంగుల లైట్లంటారా, మీ ఇష్టం.