కొత్త గిటారుకు పాత గాయాలు

కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ గిటారుకు ఇంట్లోనే ముప్పై ఏళ్ల వయసు తెప్పించే విద్య మన అపార్ట్‌మెంట్ బాల్కనీల దాకా వచ్చి చేరింది. ఫ్యాక్టరీలో నునుపుగా పూసిన రంగును ఊడగొట్టడం, దాని స్థానంలో మరో రంగు వేయడం, ఆ వేసిన రంగును మళ్లీ తమ చేతులతోనే గీకి, పొడిచి, పగలగొట్టి, "అరవైల నాటి గిటారులా లేదూ?" అని ఇంటికి వచ్చినవాళ్లను నిలదీయడం, ఈ మూడూ అందులోని ప్రధాన ఘట్టాలు. వాయించడం అనే నాలుగో ఘట్టం గురించి ఈ శాస్త్రంలో ఎక్కడా ప్రస్తావన లేదు కనుక మనమూ దాని జోలికి పోనవసరం లేదు.

శాస్త్రానికి ప్రమాణం లేకపోలేదు. అమెరికా గిటార్ల కంపెనీ ఫెండర్ వారి కస్టమ్ షాపు 1995లో 'రెలిక్' అనే పేరుతో పుట్టుకతోనే ముసలివైన గిటార్లను అమ్మకానికి పెట్టింది. అదే 1995లో ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ మరణించారు. ఆయన 1963లో కార్క్ నగరంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారును మూడు దశాబ్దాల పాటు వేదికల మీద వాయిస్తూ పోగా, ఆయన చెమటకు రంగు చాలావరకు కరిగిపోయి కింది చెక్క బయటపడింది. ఆ గిటారు 2024లో లండన్ వేలంలో దాదాపు 9 లక్షల పౌండ్లు పలికి, చివరికి ఐర్లండ్ జాతీయ మ్యూజియం సొత్తయింది. చెమటను ఫ్యాక్టరీలోనే పూసి ఇవ్వవచ్చునని కంపెనీ కనిపెట్టిన ఏడాదే, ఆ చెమట ఓడ్చిన మనిషి వెళ్లిపోయాడు.

ఇంట్లో రంగు వేసుకోవడమే తప్పని ఎవరూ అనరు. అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన గిటారుకు మాస్కింగ్ టేపు చుట్టి, సైకిల్ పెయింటు కొట్టుకున్నాడు. తీగలు ఆనే బ్రిడ్జి కింద పావు డాలరు నాణెం ఒకటి బిగించుకున్నాడు. తనకు కావలసిన గిటారు అంగట్లో దొరకలేదు, అందుకని చేసుకున్నాడు, చేసుకుని వాయించాడు. 2007లో దానికి 300 నకళ్లు తీసి, ఒక్కొక్కటి 25,000 డాలర్లకు అమ్మినప్పుడు ప్రతి గీతనూ ప్రతి మచ్చనూ భక్తితో దించారు. నాణెం కూడా ఏదో ఒకటి కాదు, అసలు దానిలాగే 1971 ముద్ర ఉన్నదే పెట్టారు. మన బాల్కనీ మహర్షులకు ఆదర్శం ఆ ఎడ్డీ కాదు, ఈ నాణెం.

నాకు తెలిసిన ఒక మిత్రుడి సాధనను దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగింది కనుక విషయాన్ని క్రమంగా చెబుతాను. తొలిరోజు ఆయన గిటారు తీగలు, మెడ, ప్లాస్టిక్ పలక, ధ్వనిని పట్టే పికప్పులు అన్నీ విప్పి, మిగిలిన చెక్క మీద హీట్ గన్ పెట్టారు. ఫ్యాక్టరీ పాలియెస్టర్ పూత మామూలు రిమూవర్‌కు లొంగదు. వేడికి బుడగలు లేచి, గరిటతో గీకితే పెంకులుగా ఊడివస్తుంది. అలా ఊడివచ్చిన పెంకుల కింద ఏకఖండమైన దివ్య వృక్షం దర్శనమిస్తుందని ఆయన ఆశించారు. దర్శనమిచ్చినవి పక్కపక్కన జిగురుతో అతికించిన నాలుగు బాస్‌వుడ్ ముక్కలు, వాటి మీద కాగితమంత పల్చని వెనీరు అనే చెక్క పొర, హీట్ గన్ ఎక్కువసేపు ఆగినచోట రెండు నల్లటి మచ్చలు. మచ్చలను చూసి ఆయన బాధపడలేదు సరికదా, అనుకోకుండా లభించిన ప్రాచీనతగా వాటిని స్వీకరించారు.

ఈ హింసకు కారణం అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: చెక్క ఊపిరి పీల్చుకోవాలి. పాలియెస్టర్ కింద చెక్కకు ఊపిరాడదట. వార్నిష్ లాంటి నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ పూస్తే అది హాయిగా గాలి పీల్చి, ధ్వనిని తీయగా చేస్తుందట. చెట్టును కొట్టి, కోసి, బట్టీలో ఆరబెట్టి, జిగురు పెట్టి అతికించిన తరువాత కూడా ఊపిరి కోసం తపిస్తున్న ఆ చెక్క మీద నాకు జాలి లేకపోలేదు. కానీ ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అనేది అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ; పైన ఉక్కు తీగ కంపిస్తే కింద కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు రంగు జాతకంతో పని లేదు. పైగా ఏ అరవైల గిటార్లను చూసి వీరు మూర్ఛపోతున్నారో, ఆ గిటార్లకు కంపెనీ వారే ల్యాకర్ కింద చెక్క రంధ్రాలన్నీ మూసుకుపోయేలా సీలర్ కొట్టేవారు.

ఇక ఆ మహిమాన్విత ల్యాకర్ సంగతి. మన ఊళ్లలో టేకు తలుపులకు, బీరువాలకు కొట్టే ఎన్‌సీ ల్యాకర్ కూడా నైట్రోసెల్యులోజే. ఫెండర్ వారి ప్రసిద్ధమైన రంగులు సైతం డ్యూపాంట్ కంపెనీ కార్ల రంగుల పట్టికలోంచి ఏరుకున్నవే. ఫియస్టా రెడ్ ఫోర్డ్ కారుది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ కారుది. ఈ మాట చెబితే మిత్రుడి ముఖం వాడిపోయింది. వీధి చివర పెయింట్ల కొట్టులో, లప్పం డబ్బాల పక్కన దొరికే సరుకులో దివ్యత్వం ఎలా ఉంటుందన్నది ఆయన సందేహం. అయినా దాన్నే కొన్నారు, శ్రావణ మాసపు ముసురులో బాల్కనీలో నిలబడి కొట్టారు. గాలిలోని తేమ పూతలో చిక్కుకుని, ఎర్రగా మెరవవలసిన గిటారు పాలమీగడ రంగుకు తిరిగింది. వర్షాకాలంలో ల్యాకర్ తెల్లబారుతుందని ఏ వడ్రంగి మేస్త్రీని అడిగినా చెబుతాడు. కానీ వడ్రంగిని అడగడం ఈ సంప్రదాయంలో లేదు.

పూత ఎలాగో సరిదిద్దుకుని ఆరిన తరువాత అసలు ఘట్టం మొదలైంది. పాత ల్యాకర్ మీద ఏళ్లు గడిచేకొద్దీ సన్నని పగుళ్లు వస్తాయి. ఏళ్లు గడిచేదాకా ఆగే ఓపిక లేనివారు పూత పూసిన చెక్కను గడ్డకట్టేంత చలిలో పెట్టి, వెంటనే వేడి గాలి చూపిస్తారు. కనుక మిత్రుడు ఫ్రిజ్ పైఅరలోంచి బఠాణీల పొట్లాలు, ఐస్ ట్రేలు తీసివేసి, గిటారును అందులో పడుకోబెట్టారు. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఇడ్లీ పిండి గిన్నెకు కింద చోటు వెతుక్కుంటూ, "బాబూ, ఇది రేపు పొద్దున వండేదా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. అల్లుడుగారు సమాధానం చెప్పే స్థితిలో లేరు. పొయ్యి గట్టు మీద వెనిగర్ సీసాలో స్క్రూలు తుప్పు పడుతున్నాయి. గిన్నెలో కాఫీ డికాక్షన్ చిక్కగా మరుగుతోంది, అయితే అది తాగడానికి కాదు, గీకిన చెక్కకు మురికి పట్టించడానికి. చలికి పగిలిన పూతను చూసుకుని ఆయన తాళాల గుత్తి అందుకున్నారు. గుత్తిని తాడుకు కట్టి, ఊపి ఊపి గిటారు అంచుల మీద వేశారు. దెబ్బ పడిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, "ఇది 1967లో ఒక పర్యటనలో తగిలి ఉంటుంది" అని దానికొక చరిత్ర చెప్పారు. తరువాత గిటారును తిరగేసి, వెనకవైపు నడుము తగిలేచోట ఇనుప బ్రష్షుతో రుద్దసాగారు. దాన్ని బెల్టు బకిల్ రాపిడి అంటారట. ఆ సమయంలో ఆయన కట్టుకున్నది బొందు పైజామా.

వాడని రోలును ఉలితో అరగదీసి మా తాతమ్మ నూరిన రోలని చెప్పుకున్నా నవ్వి ఊరుకోవచ్చు. ఎవరి గిటారు వారిది, ఎవరి ఫ్రిజ్ వారిది. కానీ మిత్రుడు రెండో గిటారును ఇంట్లో చేయలేదు. పొరుగువాళ్లు వాసనకు గొడవ పెట్టడంతో, కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకు పట్టుకుపోయారు. అక్కడి కుర్రవాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, డబ్బాలో పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిపి, స్ప్రే గన్ ఎత్తాడు. మిత్రుడు మాత్రం రెండు ఫిల్టర్ల మాస్కు పెట్టుకుని గుమ్మం బయట నిలబడి, పది నిమిషాల పనికి ఇంత ఎందుకని రెండు వందలు తగ్గించమన్నారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. రెండు డబ్బాల సరుకు కలిపి కొట్టే ఆ క్లియర్ కోట్ పైపూతలో, హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులలోకి పోతే ఆస్తమా తెప్పించగలవు. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందా, ఆ తరువాత వాటి ఆవిరి కాస్త సోకినా ఊపిరి బిగుసుకుపోతుంది, తెలిసిన ఒక్క పనీ చేతులు జారిపోతుంది. చేతిరుమాలు వాటిని ఆపదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కావాలి. ఆ మాస్కు కొనివ్వని షెడ్డు యజమానికి సిగ్గు లేదు. చెక్క ఊపిరి గురించి గంటసేపు ఉపన్యసించి, కళ్లెదుట మనిషి ఊపిరికి వెల కట్టి అందులోనూ రెండు వందలు బేరమాడిన మా మిత్రుడికి అంతకన్నా లేదు. ఎన్నడూ వేదిక ఎక్కని గిటారుకు దొంగ చెమట పట్టించడానికి, నిజంగా చెమటోడ్చే కుర్రవాడి ఛాతీ ఖర్చయింది. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన నొచ్చుకుని, తాను కళ గురించి మాట్లాడుతుంటే నేను కెమిస్ట్రీ మాట్లాడుతున్నానన్నారు.

ప్రస్తుతం రెండు గిటార్లూ గోడకు వేలాడుతున్నాయి, కొత్త ధరకు రెట్టింపు చెప్పి అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. చూడటానికి వచ్చిన ఒక కుర్రాడు మెడను వెలుతురుకు పట్టి, ఒళ్లంతా ఇంత అరిగిన గిటారుకు మెడ మీది లోహపు పట్టీలైన ఫ్రెట్ల మీద ఒక్క గుంట కూడా లేదేమిటని అడిగి, దాన్ని తిరిగి గోడకు తగిలించి వెళ్లిపోయాడట. మిత్రుడు వెంటనే సన్నని ఆకురాయి ఒకటి కొన్నారు. ఏ కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) పట్టేచోట ఫ్రెట్లు ఎక్కువ అరుగుతాయో తెలిసిన, అంటే రోజూ వాయించే మనిషి ఎవరైనా ఉంటే చెప్పమని నిన్న ఫోన్ చేశారు.