హెచ్చరిక గారికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ హెచ్చరిక గారికి,

పర్లాకిమిడిలో కోర్టు దగ్గర జిరాక్సు షాపు పెట్టుకుని బతుకుతున్న ఒక సంఘసభ్యుడు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసుకునేది.

మీరు కుశలంగా ఉన్నారని నాకు తెలుసు. రోజూ కనిపిస్తూనే ఉన్నారు కదా. మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నంలో అడుగు పెడితే చాలు, ఖాళీ జాగాల్లో బోర్డుల మీద ఎర్ర రంగుతో మీ పేరే. ‘హెచ్చరిక: ఈ స్థలము ఫలానా వారిది’ అని. వంతెనకి ఇవతల మా ఒడిశాలో బోర్డులు ఒడియాలో ఉంటాయి కాబట్టి మీకు ఇటు పని లేదనుకునేవాణ్ణి. పొరపాటు. ఇటు మీరు బోర్డు లేకుండానే తిరుగుతారు. ఆదివారం తెలుగు ఆరాధనకి అందరికంటే ముందు వస్తారు. ఆశీర్వాదం అయిపోయి, గుమ్మం దగ్గర నా చెప్పులు ఎవరి చెప్పుల కింద ఉన్నాయో వెతుక్కుంటున్నప్పుడు సరిగ్గా నా భుజం మీద చెయ్యి వేస్తారు.

“తమ్ముడూ, ఒక్క మాట. ప్రేమతో చెప్తున్నాను, ఏటీ అనుకోకు.”

ఈ పాతికేళ్లలో ‘ఏటీ అనుకోకు’ తర్వాత వచ్చిన మాటకి నేను ఏమీ అనుకోకుండా ఉన్నది ఒక్కసారి కూడా లేదు.

మొన్న మా గుంటడు ప్లస్ టూలో లెక్కల పరీక్ష తప్పాడు. రిజల్ట్ వచ్చిన రోజు వాడు మేడ ఎక్కి రాత్రి దాకా దిగలేదు. వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుంది. నేను కింద ఫోన్లు ఎత్తుతూ కూర్చున్నాను. మాది కలివిడి సంఘం, కష్టం వస్తే ఎవరూ ఊరుకోరు. అందరూ “బలపరుద్దామని ఫోన్ చేశాను బ్రదర్” అనే మొదలుపెట్టారు. ఒకాయన సెల్‌ఫోన్ కొనిచ్చినందుకు నన్ను బలపరిచారు. ఒకావిడ కుటుంబ ప్రార్థన తప్పినందుకు బలపరిచింది. మరొకాయన తన కొడుక్కి ఎన్ని మార్కులొచ్చాయో విషయం వారీగా చెప్పి బలపరిచారు.

మా ఆవిడది కళింగపట్నం పక్క పల్లె. చిన్నప్పటి నుంచి రేడియోలో తుఫాను వార్తలు విని పెరిగిన మనిషి. ఓడరేవుల్లో ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా ఎగరేసే ప్రమాద సూచికలు ఆమెకి ఎక్కాల్లాగా నోటికొచ్చు. ఆ రాత్రి మెట్ల మీద నుంచే నా ఫోన్లు వింటూ నంబర్లు వెయ్యడం మొదలుపెట్టింది. “ప్రార్థన చేసుకోండి, కాస్త కనిపెట్టుకుని ఉండండి” అంటే ఒకటో నంబరు. ఎక్కడో దూరాన సముద్రంలో ఏదో ఉంది, అంతే. “మనం ఎక్కడ తప్పిపోయామో పరీక్షించుకోవాలి కదా” అంటే మూడు. పాత సంగతులన్నీ తవ్వి, వచనాలు చదివి, చివర్లో “దేవుడు వెక్కిరింపబడడు” అంటే అది పదో నంబరు, మహా ప్రమాదం, పడవలు ఒడ్డుకి లాగేసుకోవాలి. ఇక పదకొండు ఉందే, దానికి అసలు అర్థం వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మా సంఘంలో ఒక కుటుంబం రెండేళ్లుగా మాతో మాట్లాడటం లేదు. ఎందుకో మాకు తెలియదు. వాళ్లకి కూడా మర్చిపోయి ఉంటుంది. వాళ్లది పదకొండు.

పదిన్నరకి వాడు దిగాడు. వాళ్లమ్మ అన్నం పెట్టింది. నేను మాత్రం ఊరుకున్నానా? “ఇప్పటికైనా” అని మొదలుపెట్టాను. ఆవిడ గరిట పట్టుకున్న చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్లు చూపించింది.

మీ గురించి ఇంకా చెప్పాలంటే ఆదరణ కూడిక చెప్పాలి. మా నాన్నగారు పోయిన తర్వాత ఇంటి ముందు షామియానా వేసి, నాన్నగారి ఫోటోతో ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి ఆదరణ కూడిక చేశాం. పేరులోనే ఆదరణ ఉంది కాబట్టి అది దొరుకుతుందని మా అమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుంది. మొదటి బోధకుడు నలభై నిమిషాలు నరకం ఎంత వేడిగా ఉంటుందో చెప్పారు. మా ఊళ్లో అప్పుడు మే నెల, ఉదాహరణ వెతుక్కోవలసిన పని లేకపోయింది. రెండో ఆయన మారుమనసు లేకుండా పోయినవాళ్ల గతి చెప్పి, నాన్నగారి ఫోటో వంక ఒకసారి చూసి, “ఈ పెద్దాయన సంగతి ప్రభువుకే ఎరుక” అన్నారు. మూడో ఆయన ఇంకా కుర్రవాడు, దూకుడు ఎక్కువ. “నేడు ఈయన! రేపు నువ్వు!” అంటూ వేలు చాపితే ఆ వేలు తిన్నగా మా అమ్మ మీదకి వచ్చింది. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. అదిరిపోలేదు. నా చెవిలో అడిగింది: “ఒరే నాయనా, ఆదరణ ఎప్పుడు మొదలెడతారు?”

వంటలయ్యాయని కబురొచ్చాక మొదలైంది. కోడికూర, కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు దాల్మా. ఆ దాల్మా వడ్డించిన ఆడపిల్ల, ఎవరి పిల్లో నాకు తెలియదు, అమ్మ పక్కన కింద కూర్చుని “మామ్మా, ఇంకొంచెం” అని ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించింది. ఆ పిల్లని మైకు దగ్గరికి ఎవరూ పిలవలేదు.

ఇంతకీ మీ పుట్టుపూర్వోత్తరాలు నాకెలా తెలిశాయంటే, బి.డి., అంటే దైవశాస్త్రం, చదువుతున్న మా సంఘం కుర్రవాడు సెలవులకి వచ్చి నోట్సు జిరాక్సుకి ఇచ్చాడు. కరెంటు పోయి మధ్యలో ఆగింది. ఏం తోచక ఆ కాగితాలు చదివాను. జిరాక్సు షాపువాడికి ఉన్న చదువంతా ఇలా వచ్చిందే.

మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, ఆరాధనకి రానివాళ్ల మీద ఎప్పుడూ ప్రయోగించే వచనం ఒకటుంది, హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో. ‘సమాజముగా కూడుట మానక’ అని. జ్వరం వచ్చి రెండు ఆదివారాలు మానితే మూడో ఆదివారం ఈ వచనం మన మీదకి చూస్తూ చదువుతారు. దాంట్లోనే ‘ఒకనినొకడు హెచ్చరించుచు’ అని మీ పేరుంది. ఆ బలం చూసుకునే మా పెద్దలు ఇన్నాళ్లూ గుమ్మం దగ్గర కాపలా కాశారు. తీరా నోట్సులో చూస్తే, అక్కడ గ్రీకులో ఉన్న మాట పరకలేయో. పర అంటే పక్కన, కలేయో అంటే పిలవడం. పక్కకి పిలుచుకోవడం, ధైర్యం చెప్పడం, ఓదార్చడం, ముందుకి పురిగొల్పడం, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. యోహాను సువార్తలో ‘ఆదరణకర్త’ అని చదువుకుంటాం చూశారా, ఆ మాటా ఈ వేరు నుంచి వచ్చిందే. ఒకే వేరు నుంచి వచ్చిన మాట ఒక పేజీలో ఆదరణ, ఇంకో పేజీలో హెచ్చరిక. హెబ్రీ పత్రికలోనే మూడో అధ్యాయంలో అయితే ‘బుద్ధి చెప్పుకొనుడి’. మా వాళ్లు మూడింట్లో రెండు తీసుకుని మూడోదాన్ని షామియానా వాడికి అప్పజెప్పారు.

అనువాదం చేసినవాళ్లని తప్పు పట్టను. వాళ్ల కాలానికి మీరు మర్యాదస్తులే. రాజుగారు కొలువుకి వస్తుంటే ముందు నడిచేవాడు మిమ్మల్నే పిలిచేవాడు. మెలకువగా ఉండండి, పెద్దాయన వస్తున్నాడు అని. తర్వాతే మీరు చెడు సావాసాలు పట్టి బోర్డుల మీదకి ఎక్కారు. గిడుగు రామమూర్తి గారు మా ఊరి రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఇంకొంత కాలం ఇక్కడే ఉండి మా ఆరాధనకి ఒక్క ఆదివారం వచ్చి ఉంటే మీ సంగతి అప్పుడే తేలిపోయేదని నా నమ్మకం.

అన్నిటికంటే వింత, మీకు ఒక కొడుకు ఉన్నాడని ఆ రోజే తెలిసింది. అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయంలో యోసేపు అనే ఆయనకి బర్నబా అని పేరు పెట్టారు, అంటే ‘హెచ్చరిక పుత్రుడు’ అని మా పాత బైబిల్లో అచ్చుపడి ఉంది. ఎన్నిసార్లు చదివానో! చదివిన ప్రతిసారీ, వేలు చాపి బోధించే మూడో బోధకుడి తాతగారేమో అనుకున్నాను. కాదు. ఆయన ఉన్న పొలం అమ్మి డబ్బు తెచ్చి ఇచ్చాడు. సౌలు, అంటే తర్వాత పౌలు అయినాయన, మారాడంటే ఎవరూ నమ్మక, భయపడి దూరంగా ఉంటే, ఆయనే చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. మార్కు అనే కుర్రవాడు ప్రయాణం మధ్యలో వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. ఒక రకంగా ఫెయిలైనట్టే. మళ్లీ వాణ్ణి తీసుకెళ్లడానికి వీల్లేదని పౌలు పట్టుబడితే, బర్నబా అంతటి పౌలుతో తగువు పడి, విడిపోయి, కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని కుప్ర ద్వీపానికి ఓడ ఎక్కాడు. చాలా ఏళ్లకి అదే పౌలు, మార్కుని తీసుకురా, వాడు నాకు పనికొస్తాడు అని ఉత్తరం రాశాడు. లెక్కల్లో తప్పిన పిల్లల తండ్రులు ఈ కథ రోజుకొకసారి చదువుకోవాలి. ఏమీ అనుకోకండి, ప్రేమతో చెప్తున్నాను, మీ అబ్బాయికి మీ పోలిక రాలేదు.

ఆయన పోలిక వచ్చిన మనిషిని నేను ఒకసారి చూశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు. పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లా కొండల మీద కుండపోత కురిసింది. బరఘరా దగ్గర కొండ విరిగిపడి మనుషులు మట్టి కింద పోయారు. మా ఊళ్లో నా షాపు రేకులు లేచిపోయాయి. మిషను తడిసింది, జనం నమ్మి ఇచ్చిన పట్టాలు, రేషను కార్డు కాగితాలు బురదలో కలిశాయి. మూడో రోజు సంఘం పెద్దలు పరామర్శకి వచ్చారు. నీళ్లలో నిలబడే అడిగారు, సంపాదనలో దశమభాగం సంఘానికి సరిగ్గా ఇస్తున్నావా అని. నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లారు.

నాలుగో రోజు కొండ మీద నుంచి ఒక సవర గిరిజన ముసలామె దిగి వచ్చింది. సంతకి పసుపు, చింతపండు తెచ్చే మనిషి, కొండ సంఘంలో సభ్యురాలు. ఆధార్ కాగితాలకి నా షాపుకి వస్తూ ఉండేది. తన ఇంటి గోడే కూలిందని తర్వాత తెలిసింది. ఆమెకి తెలుగు పది మాటలు వచ్చేమో. గిడుగు గారు సవర భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాశారు, నేను అదే ఊళ్లో పుట్టి ‘కూర్చో’ అనడం కూడా నేర్చుకోలేదు. ఆమె వచ్చి, చూసి, కింద కూర్చుంది. తడిసిన కాగితాలు ఒక్కొక్కటే విడదీసి, కొంగుతో అద్ది, పసుపు కొమ్ములు ఎండేసినట్టు వసారా నిండా పరిచింది. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద గులకరాయి పెట్టింది. సాయంత్రం దాకా అదే పని. వచనం చెప్పలేదు, ప్రార్థన పైకి చెయ్యలేదు, కారణం అడగలేదు. వెళ్తూ మూట విప్పి చోడి అంబలి గిన్నె నా ముందు పెట్టి, ఆ పదిలో ఒక మాట వాడింది.

“తాగు.”

హెచ్చరిక గారూ, మీ మీద నాకు కోపం లేదు. సముద్రం మీదకి వెళ్లేవాడికి మీరు కావాలి. కరెంటు స్తంభం దగ్గర కావాలి. సంఘంలో కూడా, సంఘం డబ్బుతో సొంత ఇంటికి రంగు వేయించుకునేవాడి దగ్గర మీరు ఎంతసేపు కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు. విచిత్రంగా అక్కడికి మాత్రం మీరు వెళ్లరు. జ్వరం వచ్చినవాడి మంచం దగ్గరికీ, పరీక్ష తప్పిన పిల్లవాడి మేడ మీదకీ, షామియానా కింద మొదటి వరసకీ వస్తారు. నా విన్నపం ఆ మూడు చోట్ల గురించే.

ఇలా రాశాను కదా అని నేను బాగుపడ్డాననుకోకండి. పోయిన వారం, నాకు మూడో నంబరు కంటే తక్కువ ఎప్పుడూ ఎగరెయ్యని పెద్దాయన ఒకరు షుగరు ఎక్కువై కాలి పుండుతో మంచాన పడ్డారు. మా ఆవిడా నేనూ చూడటానికి వెళ్లాం. దారిలో నిర్ణయించుకున్నాను, ఏమీ మాట్లాడను అని. యోబు స్నేహితులు ముగ్గురు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన కూర్చుని నోరు విప్పలేదు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాకే చెడింది. నేను కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను. ఆయన పైకప్పు చూస్తూ ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది. చాలా సేపటికి నా వైపు తిరిగి, “వచ్చావా తమ్ముడూ” అన్నారు. ఆ గొంతు ఎప్పుడూ విననిది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. గోడ గడియారం చూశాను, ఏడు నిమిషాలు అయింది. మనసు నిండిపోయింది.

“మందులు వేళకి వేసుకోమని ఎంత చెప్పినా వినరు కదా మీరు,” అన్నాను.

మంచానికి అటువైపు మా ఆవిడ, పమిట చాటు నుంచి మూడు వేళ్లు బయటపెట్టింది.

ఇట్లు,
మీ పాత స్నేహితుడు